వరంగల్‌లో చదువుకుంటున్నారా? ఒక్క ఆదివారంలో ఊరు చూడటం ఎలా?

ఎన్ఐటీ, కాకతీయ యూనివర్సిటీ, మెడికల్ కాలేజీ... వరంగల్, హన్మకొండ, కాజీపేట కలిసిపోయిన ఈ ఊళ్ళో ఎటు తిరిగినా హాస్టళ్ళే. అయినా నాలుగేళ్ళు ఇక్కడ ఉండి, కోట చూడకుండానే కాజీపేటలో రైలెక్కి వెళ్ళిపోయేవాళ్ళు చాలామంది. మీ విషయంలో అలా జరగకూడదనే ఇది రాస్తున్నాను.

ముందు ఎండను బట్టి వరుస వేసుకోండి. పొద్దున గుడి, సాయంత్రం కోట. గుళ్ళో చెప్పులు విప్పాలి కదా, మధ్యాహ్నమైతే బండలు కాలిపోతుంటాయి.

పొద్దున్నే హన్మకొండలో వేయి స్తంభాల గుడికి వెళ్ళండి. 1163లో కాకతి రుద్రదేవుడు కట్టించాడు. శివుడికి, విష్ణువుకు, సూర్యుడికి మూడు గర్భగుళ్ళు. స్తంభాలు లెక్కపెట్టే పని పెట్టుకోకండి. ఏదో ఒక స్తంభం ముందు నిలబడి కింది నుంచి పైదాకా నిదానంగా చూడండి. అంత గట్టి రాయిని ఇంత నున్నగా ఎలా తీర్చారా అనిపిస్తుంది. పక్కనే కల్యాణ మండపం. రాళ్ళన్నీ విడదీసి, మళ్ళీ పేర్చి 2024లో తెరిచారు.

తర్వాత దగ్గర్లోనే పద్మాక్షి గుట్ట. రాతి మీద చెక్కిన జైన తీర్థంకరులను చూడకుండా దిగకండి. మధ్యాహ్నం ఎక్కడైనా సర్వపిండి (బియ్యప్పిండితో చేసే కారం రొట్టె) దొరికితే వేడివేడిగా తినండి.

మూడున్నర దాటాక ఆటోలో కోటకు బయల్దేరండి. మట్టి కట్ట, రాతి గోడ దాటి లోపలికి వెళితే ఇళ్ళు, పొలాలు కనిపిస్తాయి. కోటలో ఇప్పటికీ జనం కాపురముంటున్నారు. నడుమ నాలుగు దిక్కులా నాలుగు తోరణాలు. తెలంగాణ రాజముద్రలో ఉన్నది ఈ తోరణమే. లోపలి స్వయంభూ శివాలయం కూలిపోయింది, ద్వారాలు మిగిలాయి. అందరూ తోరణం కింద ఫోటో దిగి వెళ్ళిపోతారు. మీరు మాత్రం నేల మీద వరుసగా పెట్టిన విరిగిన శిల్పాల మధ్య కనీసం అరగంట తిరగండి. ఏటవాలు ఎండ పడితే, మధ్యాహ్నం కనపడని సన్నని చెక్కడం కూడా తేలి కనిపిస్తుంది. నాకు ఈ ఊళ్ళో అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఇదే. అక్కడికి దగ్గర్లోనే ఖుష్ మహల్ ఉంది, అదీ చూసేయండి.

చీకటి పడేలోపు భద్రకాళి చెరువు గట్టుకు చేరుకోండి.

రామప్ప గుడిని మాత్రం ఇదే రోజులో ఇరికించకండి. అది సుమారు 65 కిలోమీటర్లు. ఇంకో ఆదివారం హన్మకొండ నుంచి ములుగు బస్సెక్కి, అక్కడి నుంచి ఆటోలో వెళ్ళండి. 1213 నాటి ఆ గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. శిఖరం కట్టిన ఇటుకలు నీళ్ళలో తేలేంత తేలిక. చూరు కింద నల్లరాతి మదనికలను, అంటే నాట్య భంగిమల్లో ఉన్న స్త్రీ శిల్పాలను, ఒక్కొక్కరినీ చూడాలి, అందుకే పూట మొత్తం కేటాయించండి.

బతుకమ్మ పండుగ మొదటి రోజైన ఎంగిలిపూల బతుకమ్మ నాడు సెలవుకు ఇంటికి వెళ్ళే తొందర లేకపోతే, సాయంత్రం వేయి స్తంభాల గుడి దగ్గరికి రండి. తంగేడు, గునుగు పూలు పొద్దున్నే మార్కెట్లో దొరుకుతాయి. పేర్చడం రాకపోతే హాస్టల్ పక్కింటి అమ్మను అడగండి, కూర్చోబెట్టి నేర్పిస్తారు.