పారిస్‌లో తొలిరోజు: దారులు తెలుసుకోవడం ఎలా

పారిస్‌కు మొదటిసారి వెళ్లినవారి దృష్టిలో ఐఫిల్ టవర్ కన్నా ముందు పడేది, ఎటు చూసినా ఒకేలా కనిపించే లేత గోధుమరంగు రాతి భవనాల వరుస. ఎన్ని మలుపులు తిరిగినా అవే పొడవాటి కిటికీలు, అవే ఇనుప కటకటాలు, అవే బూడిదరంగు జింకు కప్పులు ఎదురవుతూ ఉండటంతో ఏ వీధిలో ఉన్నామో తెలియని తికమక కలుగుతుంది. తొలిరోజును మ్యూజియంల ముందు వరుసల్లో గడిపేయకుండా, ఈ తికమకను పోగొట్టుకోవడానికే కేటాయించడం మంచిది.

షార్ల్ ద గోల్ విమానాశ్రయం నుంచి ఆర్‌ఈఆర్ బి అనే ప్రాంతీయ రైలు నేరుగా నగరం నడిబొడ్డుకు చేరుస్తుంది. టికెట్లు నింపుకుని వాడే నావిగో ఈజీ ప్రయాణ కార్డును ఇద్దరు కలిసి వాడుకోవడం కుదరదు కనుక మనిషికొకటి తీసుకోవాలి. మెట్రోలో ఏ వైపు రైలు ఎక్కాలో తెలియాలంటే లైను నంబరుతో పాటు ఆ దిశలో వచ్చే చివరి స్టేషన్ పేరు కూడా చూసుకోవాలి.

సామాను గదిలో పెట్టాక మొదట వెళ్లవలసిన చోటు పోఁ నఫ్ వంతెన. 1607లో పూర్తయిన ఈ వంతెన, సీన్ నది మీద ఇప్పుడు నిలిచి ఉన్నవాటిలో అన్నిటికన్నా పాతది. దాని మధ్యన నిలబడి నది పారే వైపు ముఖం పెడితే కుడిచేతి వైపున్నది కుడి గట్టు, ఎడమచేతి వైపున్నది ఎడమ గట్టు. ఊళ్లో ఎవరు దారి చెప్పినా ఈ రెండు మాటలు తప్పకుండా వస్తాయి. లూవ్ర్ మ్యూజియం కుడి గట్టున ఉంటుంది. అక్కడి నుంచే నగరంలోని 20 ఆరోందిస్మాఁలు, అంటే పాలనా విభాగాలు, నత్తగుల్ల చుట్టల్లా గడియారపు ముల్లు తిరిగే దిశలో విస్తరిస్తాయి. చిరునామాలోని పిన్‌కోడ్ చివరి రెండంకెలు చాలావరకు ఆ విభాగం సంఖ్యనే తెలుపుతాయి.

ఇంటి నంబర్లలోనూ ఇలాంటి క్రమమే ఉంది. నది నుంచి దూరంగా సాగే వీధుల్లో అవి నది వైపు నుంచి మొదలవుతాయి. నదికి సమాంతరంగా ఉన్న వీధుల్లో ప్రవాహం వెంట పెరుగుతూ పోతాయి. 1805లో మొదలైన ఈ పద్ధతి తెలిసినవారికి, ఫోన్‌లో చార్జింగ్ అయిపోయినా నది ఎటుందో గోడ మీది అంకెలే చెబుతాయి. నా దృష్టిలో ఏ పటమూ ఇంతకన్నా నమ్మకమైనది కాదు.

ఇక ఆ భవనాల పోలిక కాకతాళీయమేమీ కాదు. మూడవ నెపోలియన్ పాలనలో, 1853 నుంచి 1870 వరకు సీన్ ప్రిఫెక్టుగా, అంటే పారిస్ ఉన్న సీన్ జిల్లాకు ప్రభుత్వ పాలనాధికారిగా, పనిచేసిన ఓస్మాన్ ఇరుకు వీధులను కూల్చి, బూల్వార్లు అనే వెడల్పయిన రహదారులు వేయించి, వాటి వెంట లేచే భవనాల ఎత్తుకూ ముఖభాగానికీ నియమాలు పెట్టించాడు. ఒక భవనం ముందు ఆగి కిందినుంచి పైకి చూస్తే, పొడవాటి బాల్కనీ తరచుగా రెండో అంతస్తులోనూ ఐదో అంతస్తులోనూ కనిపిస్తుంది. లిఫ్టులు లేని కాలంలో ఎక్కువ మెట్లు ఎక్కనక్కరలేని రెండో అంతస్తు సంపన్నులదయితే, కప్పు కిందనున్న చిన్న గదులు పనివారివి. ఇది గమనించాక ఏ రెండు వీధులూ ఒకేలా అనిపించవు.

దుకాణంలో అడుగుపెట్టగానే "బోఁజూర్" అని పలకరించాలి. పలకరింపు లేకుండా నేరుగా కావలసింది అడగడం అక్కడ మొరటుతనం. రెస్టారెంట్లలో "కరాఫ్ దో" (నీళ్ల కూజా) అని అడిగితే కుళాయి నీళ్లు ఉచితంగా ఇస్తారు. బిల్లు మనం అడిగేదాకా తీసుకురారు. సర్వీసు ఖర్చు అందులోనే కలిసి ఉంటుంది.

జూన్‌లో సూర్యాస్తమయం రాత్రి పదింటికి దగ్గరగా, డిసెంబరులో సాయంత్రం ఐదింటికి ముందే అవుతుంది కనుక నడకను దానికి తగ్గట్టు మొదలుపెట్టాలి. మర్నాటికి మ్యూజియం అనుకునేవారు లూవ్ర్‌కు మంగళవారం, ఓర్సేకు సోమవారం సెలవని చూసుకుని టికెట్లు ముందే బుక్ చేసుకోవాలి.