అడిస్ అబాబాలో పిల్లలతో బేకింగ్ క్లబ్: వచ్చే ఇబ్బందులు, సరిచేసుకునే దారులు

అడిస్ అబాబాకి వాలంటీర్ టీచర్‌గా వెళ్లిన కొత్తలో స్కూల్ పిల్లలతో బేకింగ్ క్లబ్ మొదలుపెట్టాను. హైదరాబాద్‌లో ఎన్నోసార్లు చేసిన కేకే అక్కడ వరసగా మూడుసార్లు పాడైంది. ఇథియోపియా వెళ్లే మన టీచర్లకి పనికొస్తుందని రాస్తున్నాను.

సమస్య: చెప్పిన టైముకి పిల్లలు కనబడరు.

కారణం: అక్కడ గంటల లెక్క పొద్దుపొడుపుతో మొదలవుతుంది. మన ఉదయం 7 వాళ్లకి 1. నేను ఒక శనివారం మూడింటికి రమ్మంటే పొద్దున తొమ్మిదింటికే వచ్చి, గేటు దగ్గర ఎదురుచూసి వెళ్లిపోయారు పాపం.

పరిష్కారం: మధ్యాహ్నం మూడు అనుకుంటే ‘మీ లెక్కలో తొమ్మిది’ అని చెప్పండి.

సమస్య: కేకు బాగా పొంగి, నడుమ గుంట పడుతుంది.

కారణం: ఊరు సముద్రమట్టానికి దాదాపు 2,350 మీటర్ల ఎత్తున ఉంది. గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి పిండిలో బుడగలు గబగబా ఉబ్బి, కేకు గట్టిపడకముందే పగిలిపోతాయి. నీళ్లు 92 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, తడి త్వరగా ఆరిపోతుంది.

పరిష్కారం: బేకింగ్ పౌడర్ పావు వంతు తగ్గించండి. కప్పు పంచదారకి రెండు పెద్ద చెంచాలు తీసేయండి. నీళ్లో పాలో రెండు మూడు పెద్ద చెంచాలు ఎక్కువ పోయండి.

సమస్య: అందరూ ఉత్సాహంగా కలుపుతారు, కానీ ఎవరూ తినరు.

ఇది నన్ను చాలా బాధపెట్టింది. ఒక అమ్మాయి తన ముక్కని నోట్‌బుక్ కాగితంలో నాలుగు మడతలు వేసి చుట్టి, బ్యాగు అడుగున దాచుకుంది. నచ్చలేదా అని అడిగితే, నెమ్మదిగా ‘త్సోమ్’ అంది. అంటే ఉపవాసం. ఆ రోజు శుక్రవారం.

కారణం: ఆర్థడాక్స్ క్రైస్తవులు ఏడాదిలో చాలా భాగం బుధ, శుక్రవారాల్లో మాంసం, గుడ్లు, పాలు, వెన్న ముట్టరు. ఈస్టర్ ముందు 55 రోజులూ ఇదే నియమం. నేను ఆ కేకులో నాలుగు గుడ్లు కొట్టాను.

పరిష్కారం: క్లబ్ గురువారానికి మార్చండి. పెద్ద ఉపవాసం రోజుల్లో ఇలా చేయండి: ఒకటిన్నర కప్పు మైదా, ముప్పావు కప్పు పంచదార, ముప్పావు చిన్న చెంచా వంటసోడా, చిటికెడు ఉప్పు, కప్పుకి కాస్త ఎక్కువ నీళ్లు, మూడో వంతు కప్పు నూనె. చివర్లో పెద్ద చెంచాడు నిమ్మరసం కలిపి, వెంటనే పొయ్యి మీదికి ఎక్కించాలి, ఆలస్యమైతే సోడా బలం పోతుంది.

సమస్య: మధ్యలో కరెంటు పోతుంది.

పరిష్కారం: బొగ్గుల పొయ్యి. మన ఇళ్లలో కుక్కర్ కేకుకి చేసినట్టే, మందపాటి గిన్నెలో ఇసుక పోసి వేడెక్కించి, పైన కేకు గిన్నె దించండి. మూత మీద కూడా కాసిని నిప్పులు వేస్తే పైభాగం రంగు తిరుగుతుంది.

సమస్య: కొన్నాళ్లకి పిల్లలు చేతులు కట్టుకుని చూస్తూ నిలబడతారు.

కారణం: చెప్పేది ఎప్పుడూ మనమే, చేసేది మన వంటే.

పరిష్కారం: వాళ్ల డిఫో దాబో నేర్పమని అడగండి. పండగలకి ఇంట్లో చేసే పెద్ద రొట్టె అది. అరటాకులా ఉండే కోబా ఆకు గిన్నెలో పరిచి, నల్ల జీలకర్ర కలిపిన పిండి పోసి, కిందా పైనా నిప్పులతో కాలుస్తారు. ఆకు తేవడం, పిండి కలపడం, నిప్పు చూడడం వాళ్లకే వదిలేయండి. ఆ ఎత్తులో ఈస్టు పిండి కూడా త్వరగా పొంగుతుంది కాబట్టి రెట్టింపు కాగానే ఒకసారి అణిచి, మళ్లీ పొంగనివ్వండి.