స్వీట్ కార్న్ కండెలో గింజలు నిండాలంటే

మిద్దె మీద స్వీట్ కార్న్ వేసిన వాళ్లకు ఈ బాధ తెలిసే ఉంటుంది. కండె లావుగానే కనిపిస్తుంది, పొట్టు వలిస్తే పళ్లూడిన నోరులా అక్కడక్కడా నాలుగు గింజలు. తిరుపతిలో మా ఇంట్లో రెండుసార్లు ఇలాగే పోయింది. బలం చాలలేదేమోనని వర్మీకంపోస్టు కొని పోశాను, డబ్బు దండగ. అసలు సంగతి, పుప్పొడి పీచు మీద సరిగా పడకపోవడం. ఒక్కో పీచు పోగుకు ఒక్కో గింజ కడుతుంది. పుప్పొడి అందని పోగు దగ్గర ఖాళీయే.

ఈసారి పిట్టగోడ వెంబడి ఒకే వరుసగా కాకుండా, 16 మొక్కలను అడుగు ఎడంతో నాలుగు వరుసలుగా పెట్టాను. పీచు బయటికి రాగానే, పొద్దున 8 నుంచి 10 లోపు, మంచు తడి ఆరాక, మొక్క కొసన ఉన్న మగపూతను కాగితం మీదికి వంచి వేలితో మెల్లగా తట్టాలి. పసుపు పొడి రాలుతుంది. వెంటనే చిటికెడు చొప్పున ప్రతి పీచు కుచ్చు మీద చల్లాలి. నాలుగైదు రోజులు వరుసగా చేస్తే చాలు, రోజుకు పది నిమిషాలు పట్టదు. మా ఇంట్లో ఈ పని పిల్లలదే.

పీచు వచ్చాక సుమారు 20 రోజులకు అది గోధుమ రంగుకు తిరుగుతుంది. గింజను గోటితో గిచ్చితే పాలు రావాలి, అప్పుడు కోసుకోండి.

మే ఎండల్లో మాత్రం ఇది పనిచేయదు. ఆ వేడికి పుప్పొడి చచ్చిపోతుంది, ఎంత చల్లినా గింజ కట్టదు. విత్తిన 50 రోజులకు అటూ ఇటుగా పూత వస్తుంది, ఆ లెక్క చూసుకుని విత్తండి.