గొంతు మధ్యలో నిలబడటం లేదా? స్పీకర్ల అమరికలో సమస్య - పరిష్కారం

సౌండ్‌స్టేజ్, అంటే గొంతూ వాయిద్యాలూ ఎక్కడెక్కడి నుంచి వస్తున్నట్టు వినిపిస్తాయో ఆ అమరిక, కుదిరిందో లేదో తెలుసుకోవడానికి ఒకే మనిషి పాడిన పాట చాలు. మీ కుర్చీలో కూర్చుని కళ్లు మూసుకోండి. గొంతు రెండు స్పీకర్ల మధ్య, ఏ వస్తువూ లేని ఖాళీ చోటు నుంచి రావాలి. వాయిద్యాలు దానికి అటూ ఇటూ, కొన్ని కాస్త వెనకగా సర్దుకోవాలి. అలా లేదంటే ఏదో తేడా ఉన్నట్టే.

ముందు వైర్లు

చూశాం అనే అంటారు అందరూ. నేను మాత్రం వాళ్లింటికి వెళ్లగానే స్పీకర్ వెనక్కే చూస్తాను. అక్కడితోనే పని అయిపోయిన రోజులు లెక్కలేనన్ని. యాంప్లిఫయర్ ఎరుపు టెర్మినల్ నుంచి బయల్దేరిన తీగ స్పీకర్ ఎరుపులోకే చేరాలి, రెండు వైపులా. ఒక్కదానికి తారుమారైతే ఒక వూఫర్ (బేస్ పలికించే పెద్ద కోన్) ముందుకు వచ్చేటప్పుడు రెండోది వెనక్కి పోతుంది. అప్పుడు గొంతు ఎక్కడి నుంచి వస్తోందో అంతు చిక్కదు, బేస్ పలచబడుతుంది. మధ్యలో అతుకు ఉన్న తీగ అయితే రంగుల్ని అసలు నమ్మకండి. సెట్ ఆపి, ఒక్క స్పీకర్ తీగలు మాత్రమే మార్చి, మళ్లీ వినండి. గొంతు మధ్యలో గట్టిపడి బేస్ నిండుగా వచ్చేదే సరైన పద్ధతి.

మోనోలో, అంటే రెండు స్పీకర్లలోనూ ఒకే శబ్దం వచ్చేలా పెట్టి వింటే ఈ తేడా ఇట్టే తెలుస్తుంది. ఫోన్‌లో యాక్సెసిబిలిటీ సెట్టింగుల్లో మోనో ఆడియో ఉంటుంది. పరీక్ష అయ్యాక దాన్ని తీసేయండి. తీయడం మరిచిపోయి, వారం తర్వాత "స్టేజే లేదండీ, అంతా మధ్యలోనే ఉంది" అని ఫోన్ చేసినవాళ్లు ఉన్నారు.

మధ్యలో గుంట, లేదా అంతా ఒకే ముద్ద

రెండు స్పీకర్ల మధ్య ఎంత దూరమో, ఒక్కో స్పీకర్ నుంచి మీ తలకూ సుమారు అంతే దూరం ఉండాలి. 2 మీటర్ల ఎడం పెడితే 2 మీటర్ల దగ్గర కూర్చోండి, కాస్త ఎక్కువైనా పర్లేదు. స్పీకర్లు మరీ ఎడంగా ఉంటే మధ్యలో శబ్దమే లేనట్టు గుంట పడుతుంది, మరీ దగ్గరైతే ముద్ద అవుతుంది. గుంట పడితే ముందు స్పీకర్ల మొహాలు కొంచెం కొంచెంగా మీ వైపు తిప్పి చూడండి. అప్పటికీ పూడకపోతే దగ్గరికి జరపండి.

లోతు లేదు, అంతా గోడకు అతికించినట్టుంది

స్పీకర్లను నిజంగానే గోడకు ఆనించి ఉంటారు. ముందుకు లాగండి, కానీ ఎంత లాగాలో వింటూ చూసుకోవాలి. స్పీకర్ ముందు భాగం వెనక గోడకు 60 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, గోడకు తగిలి తిరిగొచ్చే శబ్దం దాదాపు 143 హెర్ట్జ్ దగ్గర అసలు శబ్దాన్ని కొట్టేస్తుంది. అందుకే స్పీకర్ ఒక చోట ఉంటే గొంతు పీలగా, ఇంకో చోట నిండుగా వినిపిస్తుంది. ఒకేసారి కాకుండా పది పది సెంటీమీటర్లు జరుపుతూ వినండి. అలమరలోనే పెట్టక తప్పదంటే కనీసం పలక అంచు దాకా తీసుకురండి. గొంతు నేల మీద నుంచి వస్తున్నట్టుంటే ట్వీటర్ (సన్నటి శబ్దాలు పలికించే చిన్న స్పీకర్) మీ చెవి ఎత్తుకు రాలేదన్నమాట.

గొంతు ఒక పక్కకు లాగుతోంది

నన్ను బాగా ఏడిపించింది ఇదే.

తేలిక కారణాలు ముందు చూద్దాం. బ్యాలెన్స్ నాబ్ (ఎడమ, కుడి శబ్దాల మోతాదు మార్చేది) మధ్యలో ఉందా? తర్వాత కొలత టేపు తీసుకోండి. కొలవాల్సింది గోడ నుంచి స్పీకర్‌కు కాదు, మీ తల ఉండే చోటు నుంచి ఒక్కో ట్వీటర్‌కు. ఒకే శబ్దం రెండు చోట్ల నుంచి రవ్వంత తేడాతో వస్తే, ముందు చేరిన వైపు నుంచే వచ్చిందనుకుంటుంది చెవి. దీని మీద 1949లో పరిశోధన చేసిన హెల్ముట్ హాస్ పేరుతో హాస్ ఎఫెక్ట్ అంటారు. శబ్దం వెయ్యోవంతు సెకనులో 34 సెంటీమీటర్లు పోతుంది. ఒక స్పీకర్ 10 సెంటీమీటర్లు దగ్గరున్నా గొంతు ఆ వైపుకు జరిగిపోతుంది. టేపు లేకపోతే దారం చాలు.

కొలతలు సరిపోయినా లాగుతోందంటే, సెట్ ఆపి యాంప్లిఫయర్ వెనక ఎడమ, కుడి స్పీకర్ల తీగలు మార్చండి. లాగుడు అటు పక్కకు మారితే తప్పు యాంప్లిఫయర్‌లోనో దానికి ముందో ఉంది. మారకపోతే స్పీకర్ పెట్టెల్నే అటుదిటు ఇటుదటు పెట్టండి. లాగుడు పెట్టెతో పాటు వెళితే స్పీకర్‌దే తప్పు. ఏం చేసినా అదే పక్కన కూర్చుందా? అయితే గదిదే.

నేను ఈ వరసలో వెళ్లలేదు. మా ఇంట్లో గొంతు ఎడమకు లాగుతుంటే మూడు వారాంతాలు పోగొట్టుకున్నాను. తీగలు కొత్తవి కొన్నాను, యాంప్లిఫయర్ విప్పి పెట్టాను, చివరికి నా చెవుల్నే అనుమానించాను. ఒకరోజు పాట మోగుతుండగా ఎడమ గోడకున్న పుస్తకాల బీరువా అద్దం తలుపు తెరిచి, అలాగే వదిలేసి వచ్చి కూర్చున్నాను. గొంతు చక్కగా మధ్యలో ఉంది! లేచి తలుపు మూస్తే మళ్లీ ఎడమకు. కుడి పక్కన గోడే లేదు, పక్క గదిలోకి తెరిచే ఉంటుంది. ఎడమ స్పీకర్ శబ్దం అద్దానికి తగిలి నా దగ్గరికి రెండోసారి వస్తోంది. మూడు నాలుగు వెయ్యోవంతు సెకన్ల ఆలస్యంతో వచ్చేది వేరే ప్రతిధ్వనిగా వినిపించదు. అసలు శబ్దంలో కలిసిపోయి గొంతును తనవైపు లాగుతుంది. కుడి నుంచి దానికి జోడీ లేదు.

మీ గదిలో ఆ చోటు కనిపెట్టడానికి చిన్న అద్దం, ఒక తోడు మనిషి కావాలి. మీరు మీ కుర్చీలో కూర్చోండి. వాళ్లు పక్క గోడ మీద ట్వీటర్ ఎత్తులో అద్దాన్ని మెల్లగా జరపాలి. మీకు అద్దంలో ట్వీటర్ కనిపించిన చోటే శబ్దం తగిలి వచ్చేది. రెండు గోడల మీదా చూడండి. ఒక పక్క గాజు, ఇంకో పక్క కర్టెన్ ఉన్నా ఇదే గొడవ.

వీలైతే అమరికనంతా వేరే గోడకు మార్చేయండి, అదే అన్నిటికంటే మంచి మందు. కుదరకపోతే రెండు స్పీకర్లనూ, కుర్చీనీ కలిపి ఆ గోడకు దూరంగా జరపండి, స్పీకర్ల మొహాలు ఇంకాస్త లోపలికి తిప్పండి. తగిలే చోట దళసరి కర్టెన్ మడతలు పడేలా వేలాడదీయండి. పలచటి గుడ్డ సన్నటి శబ్దాల్నే పీలుస్తుంది, మిగతావి అలాగే తిరిగొస్తాయి. ఎగుడుదిగుడుగా పుస్తకాలు పేర్చిన తెరిచిన అర కూడా బాగానే పనిచేస్తుంది.

బ్యాలెన్స్ నాబ్ తిప్పి సరిపెట్టుకోవద్దు. గొంతు మధ్యకు వచ్చినట్టే ఉంటుంది. కానీ గోడ అన్ని స్వరాల్నీ ఒకేలా తిప్పికొట్టదు కాబట్టి 'స', 'ష' అక్షరాలు ఒక చోట, మిగతా గొంతు ఇంకో చోట పలుకుతాయి. ఒకసారి గమనించారంటే ఇక పాట వినలేరు.

మిగతావి

కాలిపోయిన ట్వీటర్: దగ్గరికి వెళ్లి చెవి పెడితే తెలుస్తుంది. కొన్ని పాత రికార్డింగుల్లో గొంతును కావాలనే ఒక పక్కకు పెట్టారు, వాటితో పరీక్ష పెట్టకండి. ఖరీదైన తీగలు, స్పీకర్ కింద రాళ్లూ ముళ్లూ: వాటి జోలికి ఇప్పుడు పోవద్దు.

అంతా కుదిరాక స్పీకర్ల మూలలు, కుర్చీ కాళ్లు ఉన్న చోట నేల మీద టేపు ముక్కలు అంటించండి. ఇల్లు ఊడ్చినప్పుడల్లా స్పీకర్లూ కుర్చీ జరుగుతాయి. మళ్లీ గొంతు పక్కకు పోయిన రోజు ముందు ఆ టేపు చూడండి, ఆ తర్వాతే నాకు ఫోన్ చేయండి.