కార్ట్‌వీల్, రౌండాఫ్‌లో చేతులు ఎక్కడ ఎలా పెట్టాలి

జిమ్నాస్టిక్స్‌లో కార్ట్‌వీల్ అంటే చేతుల మీద ఆని చక్రంలా పక్కకి తిరిగే పల్టీ, రౌండాఫ్ అంటే అలాగే తిరిగి చివర్లో రెండు కాళ్ల మీదా ఒకేసారి దిగడం. చాలామంది పిల్లలు కాళ్ల గురించే ఆలోచిస్తారు కానీ కార్ట్‌వీల్ చెడేది చేతుల దగ్గరే. ఎడమ కాలు ముందు పెట్టేవాళ్ల లెక్కలో చెప్తా, కుడికాలు వాళ్లు తిప్పి చదువుకోండి.

ముందు నేల మీద చాక్‌పీస్‌తో తిన్నగా ఒక గీత గీయండి. పెద్ద లంజ్ (ముందు మోకాలు వంచి వేసే పొడవాటి అడుగు) వేసి, ఎడమ చెయ్యి పాదం పక్కన కాకుండా బాగా ముందుకి చాచి ఆ గీత మీద పెట్టాలి, వేళ్లు విప్పి ఎడమ పక్కకి చూపించాలి. తర్వాత కుడి చెయ్యి అదే గీత మీద ఇంకొంచెం ముందుకి, భుజాల వెడల్పు దూరంలో, దీని వేళ్లు కూడా ఎడమకే. రెండు చేతులూ ఒకేసారి ఆన్చకూడదు, చెయ్యి, చెయ్యి, కాలు, కాలు, ఈ తాళం తప్పితే మళ్లీ మొదలుపెట్టండి. మోచేతులు అస్సలు వంచొద్దు.

రౌండాఫ్‌లో మారేది రెండో చెయ్యి. కుడి అరచేతిని లోపలికి తిప్పి దాని వేళ్లు ఎడమ చేతి వైపు చూసేలా పెట్టాలి, పైనుంచి చూస్తే ఇంగ్లీష్ టీ అక్షరంలా కనిపిస్తుంది. దీనివల్ల ఒళ్లు తేలిగ్గా తిరుగుతుంది, రెండో మోచేతి మీద పక్కనుంచి పడే ఒత్తిడి కూడా తగ్గుతుంది, అందుకే చిన్నప్పటినుంచే ఇలా నేర్పించడం మంచిదని నా గట్టి అభిప్రాయం. పైన కాళ్లు కలిపి, భుజాలతో నేలని తోసి, వచ్చిన వైపుకి మొహం పెట్టి రెండు కాళ్ల మీద దిగాలి. పెద్ద పోటీల్లో కనిపించే యుర్చెంకో వాల్ట్ (పరిగెత్తుకొచ్చి ఎత్తైన బల్ల మీదుగా ఎగిరే విన్యాసం) మొదలయ్యేదే రౌండాఫ్‌తో!

మణికట్టు వార్మప్ చేయకుండా మాత్రం మొదలుపెట్టొద్దు, నొప్పి ఉంటే ఆ రోజుకి ఆపేయండి.