వేసవిలో పిల్లల గుండె ఆపరేషన్ల లిస్టు పెంచే ముందు

మార్చి చివరికల్లా మాకు ఫోన్లు మొదలవుతాయి. "పరీక్షలయ్యాక చేయిస్తామండీ" అని ఏడాదిగా ఆగినవాళ్లంతా ఒక్కసారే వస్తారు. గుండెలో రంధ్రం ఉన్న బడి పిల్లలకు సెలవులే వీలు మరి. పుట్టుకతోనే ఒళ్లు నీలంగా ఉండే పసికందులకు సెలవులతో పనేముంది, వాళ్లు ఎప్పుడైనా వస్తారు. సరిగ్గా అప్పుడే మన స్టాఫ్‌కూ సెలవులు, పెళ్లిళ్లు.

సర్జన్ ఉన్నారు, టేబుల్ ఖాళీగా ఉంది, ఇంకో కేసు పెట్టేద్దాం అంటారు. పెట్టే ముందు బిడ్డ తల దగ్గర మత్తు డాక్టరుగా ఎవరు నిలబడతారో చూసుకోండి.

మన దగ్గర ఎంబీబీఎస్ తర్వాత ఎండీ అనస్థీషియా (మత్తు వైద్యం) 3 ఏళ్లు, ఆపైన కార్డియాక్ అనస్థీషియాలో, అంటే గుండె కేసుల మత్తులో డీఎం ఇంకో 3 ఏళ్లు. ఇంత చదివినా చాలామందికి చేయి తిరిగేది పెద్దవాళ్ల బైపాస్‌లు, వాల్వుల మీదే. పిల్లల గుండె లెక్క వేరు. ఒకే జఠరికతో (రక్తాన్ని బయటికి నెట్టే గుండె కింది గదితో) నెట్టుకొచ్చే బిడ్డకు మంచిదే కదా అని ఆక్సిజన్ పెంచితే, రక్తమంతా ఊపిరితిత్తులకే పోయి ఒంటికి చాలదు. ఫాలో టెట్రాలజీ (పుట్టుకతోనే గుండెలో నాలుగు లోపాలు) ఉన్న బిడ్డకు బీపీ కాస్త జారినా రక్తం ఊపిరితిత్తుల దారి తప్పించుకుంటుంది, బిడ్డ కళ్లముందే నీలం తిరుగుతుంది. అమెరికాలో రెసిడెన్సీ అయ్యాక పిల్లల మత్తుకు ఒక ఏడాది, అందులో గుండెకు ఇంకో ఏడాది విడిగా నేర్చుకునేది ఇందుకే. కొత్తగా వచ్చిన డాక్టరును డిగ్రీ ఒక్కటే అడిగి ఊరుకోవద్దు. గత ఆరు నెలల్లో 5 కిలోల లోపు పిల్లలకు ఎన్ని కేసులు చేశారో అడగండి. తక్కువైతే సెలవుల రద్దీలో ఒంటరిగా వదలకుండా పక్కన సీనియర్‌ను ఉంచండి.

నా లెక్కలో ఒక్కో గదికి మొదటి నుంచి చివరి దాకా కదలని కన్సల్టెంట్ ఒకరు, ఈ పని తెలిసిన రెండో డాక్టరు, పిల్లల కేసులకు అలవాటైన టెక్నీషియన్ ఉండాలి. మత్తిచ్చేటప్పుడు, పంప్ (ఆపరేషన్‌లో గుండె, ఊపిరితిత్తుల పని చేసే యంత్రం) మీద నుంచి దించేటప్పుడు, ఐసీయూకు తీసుకెళ్లేటప్పుడు డాక్టర్లిద్దరూ అక్కడే ఉండాలి. ఒకే కన్సల్టెంట్ రెండు గదులు చూసుకుంటారంటే ఆ రెండో కేసు మర్నాటికి వేయండి.

టెక్నీషియన్ గురించి ఇంత పట్టుదల ఎందుకంటారా? నేను పనిచేసిన ఒక ఆసుపత్రిలో మే నెలలో మా టెక్నీషియన్ ఊరెళ్లాడు. బదులుగా పెద్దవాళ్ల థియేటర్ నుంచి ఒక కుర్రాడొచ్చాడు, పనిమంతుడే. ట్రేలో సిరంజి మీద 'అడ్రినలిన్' అని చక్కగా రాశాడు గానీ ఎంత పలచన చేశాడో రాయలేదు. "ఎంత కలిపావు బాబూ?" అన్నాను. "ఎప్పటిలాగే సార్" అన్నాడు. వాళ్ల గదిలో ఎప్పటిలాగే అంటే అసలు కలపకుండా ఆంప్యూల్‌లోంచి నేరుగా లాగినది! ఆంప్యూల్‌లో 1 మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము ఉంటుంది. ఆ రోజు బిడ్డ 3 కిలోలు. గుండె ఆగితే ఇవ్వాల్సింది 30 మైక్రోగ్రాములు, అంటే పది రెట్లు పలచన చేసిన మందులో 0.3 మిల్లీలీటరు. ఆ సిరంజిలోంచి అదే 0.3 ఇచ్చి ఉంటే పదింతలు పోయేది. సిరంజి పారేశాం. అప్పటి నుంచి లేబుల్ మీద మిల్లీలీటరుకు ఎన్ని మైక్రోగ్రాములో రాయందే ట్రేలో పెట్టనివ్వను. బిడ్డ బరువుకు ఏ మందు ఎన్ని మిల్లీలీటర్లో బోర్డు మీద రాసి, ఇద్దరం పైకి చదువుతాం.

ఆ మూడు కిలోల బిడ్డ ఒంట్లో ఉన్న మొత్తం రక్తం పావు లీటరే, చిన్న పొరపాటుకూ చోటు లేదు. గుండెలో రంధ్రం ఉంటే సెలైన్ లైన్‌లో మిగిలిన గాలి బుడగ మెదడుకు చేరొచ్చు. అందుకే త్రీవేలన్నీ (సెలైన్ గొట్టాలను కలిపే మూడు దారుల మూతలు) వేలితో కొట్టి కొట్టి బుడగలు పోగొట్టాలి. కొత్తవాళ్లకు ఇది చాదస్తంలా కనిపిస్తుంది.

పంప్ ఆగకముందే ప్రోటమిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చిన మందుకు విరుగుడు) వెళ్లకూడదు. "ప్రోటమిన్ ఇస్తున్నాను" అని మత్తు డాక్టరు పైకి చెప్పాలి, పంప్ నడిపే పర్‌ఫ్యూజనిస్ట్ జవాబివ్వాలి. తల ఊపితే చాలదు.

ఎండాకాలం ఆపరేషన్‌కు ముందు ఉపవాసం ఇంకో తలనొప్పి. నీలం పిల్లల రక్తం అసలే చిక్కన, ఒళ్లు ఎండితే గడ్డలు కట్టే ప్రమాదం. 'అర్ధరాత్రి నుంచి ఏమీ వద్దు' అని అందరికీ ఒకే చీటీ రాయకండి. తల్లిపాలు 4 గంటల ముందు దాకా, మంచినీళ్లు 2 గంటల ముందు దాకా ఇవ్వొచ్చు. మొదటి కేసు ఆలస్యమైతే వార్డుకు ఫోన్ చేసే మనిషి ఎవరో పొద్దున్నే పేరు పెట్టి చెప్పండి. లేదంటే ఎవరూ చేయరు.

ఐసీయూలో అప్పగింత లండన్‌లోని గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ ఆసుపత్రి వాళ్లను చూసి నేర్చుకోవాలి. ఫెరారీ రేసు కారు పిట్‌లో ఆగినప్పుడు ఎవరేం చేస్తారో చూసి, వాళ్లు తమ పద్ధతి మార్చుకున్నారు. ముందు వెంటిలేటర్, మానిటర్, లైన్లు తగిలించాలి. ఆ తర్వాతే మాటలు, అవీ ఒక్కరే మాట్లాడాలి.

ఇంగ్లండ్‌లోనే బ్రిస్టల్‌లో 1990ల్లో పిల్లల గుండె ఆపరేషన్ల తర్వాత మరణాలు ఎక్కువగా ఉన్నాయని లెక్కలు తీసి చెప్పింది స్టీఫెన్ బోల్సిన్ అనే మత్తు డాక్టరు. ఏళ్ల తరబడి ఎవరూ చెవిన పెట్టలేదు. 1991-95 మధ్య ఏడాదిలోపు పిల్లల్లో ఉండాల్సినదానికన్నా 30 నుంచి 35 మంది ఎక్కువ చనిపోయారని 2001లో విచారణ తేల్చింది. అందుకని ఏప్రిల్ మొదటి మీటింగ్‌లోనే సర్జన్ చేతే చెప్పించండి: మత్తు డాక్టరో, టెక్నీషియనో, నర్సో "ఈ కేసు ఈరోజు వద్దు" అంటే ఆగాలని. సెలవుల రిజిస్టర్‌నూ అదే మీటింగ్‌లో తెరిచి, రాత్రి డ్యూటీ చేసినవాళ్ల పేరు మర్నాటి లిస్టులోంచి అక్కడే కొట్టేయండి.