కాగితం కట్టల నుంచి కంప్యూటర్‌లోకి – 3వ పాఠం: ఫైలుకు పేరు

రెండో పాఠం చివర ఒక పని అప్పగించాను: ఒక్క వారం కాగితాలు తీసుకుని 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కల స్పష్టతతో) స్కాన్ చేయడం. గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల కొట్లు ఉన్నవారికి అందులో ఒక చిక్కు ఎదురై ఉంటుంది. ప్రతి పేజీలోనూ ఒకే చోట, పైనుంచి కిందికి సన్నని గీత. మిషను పాడు కాలేదు. కాగితాన్ని లోపలికి లాక్కునే స్కానరులో కాగితం కదులుతుంది, చదివే గాజుపట్టీ కదలదు. ఆ గాజు మీద మిరప నలుసు ఒక్కటి కూర్చుంటే ప్రతి పేజీ మీదా గీతగా సాగుతుంది. మెత్తని పొడిగుడ్డతో తుడవండి. తుడిచిన చేత్తో కళ్లు నులుముకోవద్దని గుంటూరు వారికి నేను చెప్పనక్కర్లేదు.

ఇక ఈ పాఠం. నేను కమీషన్ కొట్లో లెక్కలు రాసే రోజుల్లో, స్కానరు కొన్న మొదటి ఏడాది, సీజను పట్టీలన్నీ (సరుకు అమ్మాక రైతుకిచ్చే లెక్క చీటీలు) స్కాన్ చేసి కాగితాలను అటక ఎక్కించాం. మరుసటి ఏడాది ఒక రైతు వచ్చారు.

"బాబూ, పోయిన మార్చిలో నా తేజ రకం మిర్చి టిక్కీల (బస్తాల) పట్టీ ఒకసారి చూపించు. తరుగు ఎంత వేశారో చూసుకోవాలి."

"కూర్చోండి బాబాయ్, కంప్యూటర్‌లోనే ఉంది. ఒక్క నిమిషం."

ఉంది, నిజమే. స్కాన్-0001 మొదలుకొని వందల ఫైళ్ల మధ్య ఎక్కడో ఉంది. ఒక్కొక్కటీ తెరుస్తూ మూస్తూ ఉండగానే బాబాయ్‌కి తెప్పించిన టీ అయిపోయింది, నా టీ చల్లారింది. చివరికి అటకే ఎక్కాను. పది నిమిషాల్లో దొరికింది. మా పాత గుమస్తా గారు ప్రతి కట్ట మీదా తేదీ, ఊరి పేరు రాసి తాడు కట్టేవారు. కంప్యూటర్ కొన్న మేము ఆ పాటి పని కూడా చేయలేదు.

కాగితాలు కంప్యూటర్‌లో పెట్టుకుంటే చోటు మిగులుతుందని, ఎలుకల బెడద ఉండదని అందరూ చెబుతారు. అవి చిన్న లాభాలు. కావలసిన కాగితం అడిగిన మనిషి ఎదుట కూర్చుని ఉండగానే దొరకడం అసలు లాభం. అది స్కానరు ధరను బట్టి రాదు, ఫైలుకు మీరు పెట్టే పేరును బట్టి వస్తుంది.

మా కొట్లో ఆ తరువాత స్థిరపడిన పేరు ఇలా ఉంటుంది:

2025-03-14_పట్టీ_తాడికొండ_0417

ముందు తేదీ. ఏడాది, నెల, రోజు అనే వరసలో. మనం నోటితో చెప్పే వరస దీనికి తలకిందులు కాబట్టి మొదట్లో చెయ్యి తిరగదు. కంప్యూటర్ మాత్రం పేర్లను ఎడమ నుంచి కుడికి పోల్చుకుంటూ పేరుస్తుంది. 14-03-2025 అని రాస్తే జనవరి 14, ఫిబ్రవరి 14, మార్చి 14 అన్నీ ఒకే గుంపులో చేరతాయి, 15వ తేదీలు ఇంకో గుంపు. ఏడాదితో మొదలుపెడితే కాలక్రమం దానంతట అదే కుదురుతుంది. మార్చి అంటే 3 కాదు, 03. ఇంకో మాట: కాగితం మీద ఉన్న తేదీ వేయాలి గానీ స్కాన్ చేసిన తేదీ కాదు. యార్డుకు వేసవి సెలవులు ఇచ్చాక తీరిగ్గా స్కాన్ చేసేవారు ఇక్కడే పొరపడతారు. మార్చి పట్టీ కాస్తా మే నెలలో తేలుతుంది.

తరువాత కాగితం రకం: పట్టీ, కాటా చీటీ, లారీ రసీదు, బిల్లు. ఒక మాట ఎంచుకుంటే దానికే కట్టుబడాలి. ఒకరోజు బిల్లు, ఇంకోరోజు ఇన్‌వాయిస్ అని రాస్తే వెతికేటప్పుడు రెండుసార్లు వెతకాలి.

అసలు పేచీ మనుషుల పేర్లతో. వెంకటేశ్వర్లు అని ఇంగ్లీషు అక్షరాల్లో రాయమంటే నలుగురు గుమస్తాలు నాలుగు రకాలుగా రాస్తారు. పైగా ఒకే ఊళ్లో, ఒకే ఇంటిపేరుతో ముగ్గురు వెంకటేశ్వర్లు ఉండనే ఉంటారు. అందుకే ఫైలు పేరులో ఊరు, మా కొట్టు లెక్కల్లో ఆ మనిషి ఖాతా నంబరు పెట్టాం. పై ఉదాహరణలో 0417 అదే. ఏ నంబరు ఎవరిదో చెప్పే పట్టిక ఒకటి విడిగా ఉంటుంది. సరుకు కొనే వ్యాపారులకైతే ఆ పట్టికలో జీఎస్టీ నంబరు కూడా రాసుకోండి. దాని 15 అక్షరాల్లో మొదటి రెండు రాష్ట్రాన్ని చెబుతాయి, మన ఆంధ్రప్రదేశ్‌కు 37. తరువాతి పది పాన్ నంబరు. పేర్లు కలిసినా ఈ నంబరు కలవదు. ఆధార్, బ్యాంకు ఖాతా నంబర్లను మాత్రం ఫైలు పేరులో ఎప్పుడూ రాయకండి. వాట్సాప్‌లో పంపిన ప్రతిసారీ అవి అందరి కళ్లా పడతాయి.

బిల్లు నంబరు చేర్చేవారు ఒకటి గమనించాలి. జీఎస్టీ నిబంధనల ప్రకారం బిల్లు నంబరు 16 అక్షరాలు మించకూడదు, అందులో అడ్డగీత (-), ఏటవాలు గీత (/) రెండూ ఉండవచ్చు. కాగితం మీద ఏటవాలు గీతకు అభ్యంతరం లేదు, విండోస్ మాత్రం ఫైలు పేరులో దాన్ని ఒప్పుకోదు. దాని బదులు అడ్డగీత పెట్టండి.

ఫోల్డరు ఆర్థిక సంవత్సరానికి ఒకటి చాలు. మిర్చికి ఇది కాస్త ఇబ్బందే, సరిగ్గా సీజను మధ్యలో మార్చి 31 వచ్చి పడుతుంది. ఒకే రైతు సరుకు సగం ఒక ఫోల్డరులో, సగం ఇంకోదాంట్లో. ఫర్వాలేదు, ఖాతా నంబరుతో వెతికితే రెండూ వస్తాయి. పన్ను లెక్క ఆర్థిక సంవత్సరం మీదే నడుస్తుంది కనుక దీన్ని మార్చకండి. ఆ ఏడాది వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు లెక్కల పుస్తకాలు, వాటికి ఆధారమైన కాగితాలు దాచాలని జీఎస్టీ చట్టం చెబుతోంది. 2024-25 రిటర్నుకు గడువు 2025 డిసెంబరు 31 కాబట్టి, 2031 డిసెంబరు ఆఖరు దాకా. నేను ఆ సంగతి ఫోల్డరు పేరులోనే రాసేస్తాను: "2024-25_2031 డిసెంబరు దాకా". తగాదా నడుస్తున్న కాగితాలకు ఈ లెక్క వర్తించదు, వాటిని ఇంకా దాచాలి.

స్కాన్ చేశాం కదా అని అన్నీ తగలబెట్టకండి. ప్రామిసరీ నోటుకు అసలు కాగితమే ప్రాణం, దాని బొమ్మతో అప్పు వసూలు కాదు. కోల్డ్ స్టోరేజీ రసీదు కూడా సరుకు బయటికి తీసేదాకా బీరువాలోనే ఉండాలి.

అభ్యాసం: పోయినసారి స్కాన్ చేసిన వారం కాగితాలన్నిటికీ ఈ పద్ధతిలో పేర్లు మార్చండి. మార్చిన మనిషి కాకుండా, యజమానిని గానీ ఇంట్లో ఇంకెవరినైనా గానీ కుర్చీలో కూర్చోబెట్టండి. మీరు ఒక ఊరు, ఒక తేదీ చెప్పి నోరు మూసుకోండి. ఐదు కాగితాలు వెతికించి, ఒక్కోదానికి ఎంత సేపు పట్టిందో రాసుకోండి. నిమిషం దాటిన వాటి పేర్లను నాలుగో పాఠంలో సరిదిద్దుదాం.